రోజుకు 400 బాట్లు, ఇద్దరి తిండి: చియాంగ్ మాయ్ మార్కెట్లలో నా అనుభవం

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మేం దిగిన అద్దెగదిలో మంచం, బల్ల, ఫ్రిజ్, ఏసీ అన్నీ ఉన్నాయి గానీ పొయ్యి లేదు. థాయ్‌లాండ్ పట్టణాల్లో ఇలాంటి చిన్న గదులు చాలావాటికి వంటగదే ఉండదు. ఉద్యోగస్తులు రెండు పూటలా బయటే కానిచ్చేసి, సాయంత్రం ఇంటికి వెళ్తూ కూరలు కట్టించుకుపోతారు. అక్కడ బయటి తిండి షోకు కాదు, రోజు గడిచే దారి. మార్కెట్లలో తిండి చవగ్గా ఉండటానికీ, బాగుండటానికీ కారణం ఒకటే, తినేవాళ్లంతా రోజూ వచ్చేవాళ్లు. ధర పెంచినా, రుచి తగ్గించినా పక్క కొట్టు రెండడుగుల దూరంలోనే ఉంటుంది. ఈ సంగతి బుర్రకెక్కాక మాకు మిగతాదంతా తేలికైపోయింది. ఆ రోజువారీ మనుషులు ఎక్కడ, ఏ వేళకి, ఏం తింటున్నారో చూసుకుని వాళ్ల వెనకాల నిలబడటమే మా పని.

నాది ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం. ల్యాప్‌టాప్, నెట్ ఉంటే ఎక్కడున్నా ఒకటే. చలికాలంలో కొన్ని వారాలు అక్కడ గడుపుదామని ఇద్దరం వెళ్లాం. టికెట్లకీ గదికీ పోగా తిండికి రోజుకు 400 బాట్లు అని గీత గీసుకున్నాం. మేం ఉన్నప్పుడు బాట్ దాదాపు రెండున్నర రూపాయలు, అంటే ఇద్దరికీ కలిపి వెయ్యి రూపాయలన్నమాట. మా ఆవిడ శాకాహారి, గుడ్డు వరకు ఫరవాలేదు. నేను కోడి, చేప, రొయ్య తింటాను, పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టను. ఈ షరతులు పెట్టుకుంటే ఇండియన్ రెస్టారెంట్లే గతి అని వెళ్లొచ్చినవాళ్లు ముందే చెప్పారు. అక్కడ పప్పు, రెండు రోటీలు తింటేనే 200 బాట్లు దాటేస్తుంది. ఆ లెక్కన మా బడ్జెట్ ఒక పూటకే సరి. అందుకని వాటి గడప తొక్కకుండానే చూద్దాం అనుకున్నాం.

ముందు ఎక్కడ తినకూడదో చెప్పేస్తాను. చాంగ్ ఖ్లాన్ రోడ్డు మీదుండే నైట్ బజార్, అలాంటి లైట్ల తోరణాల మార్కెట్లు తిరగడానికి బాగుంటాయి, తినడానికి కాదు. బొమ్మల మెనూ, దాని మీద ఇంగ్లీషు, చైనీస్, పక్కన మంచుగడ్డల మీద పేర్చిన పెద్ద రొయ్యలు కనిపించాయంటే ఆ కొట్టు మనలాంటి వచ్చిపోయేవాళ్ల కోసం పెట్టిందే. కూరగాయల మార్కెట్ పక్కన 40, 50 బాట్లకి దొరికే ఫాత్ థాయ్ నూడుల్స్ ఇక్కడ 80, 100 పలుకుతుంది. పైగా పొద్దున కలిపి పెట్టుకున్న నూడుల్స్‌ని మళ్లీ వేడి చేసి ఇస్తారు. ఆదివారం సాయంత్రం థా ఫే గేట్ నుంచి రాచదమ్నోన్ రోడ్డు పొడవునా జరిగే వాకింగ్ స్ట్రీట్ మాత్రం దీనికి మినహాయింపు. ఆ దారిలో గుళ్ల ప్రాంగణాల్లో కొట్లు పెడతారు. ఊరివాళ్లు కూడా అక్కడ చాపల మీదో బల్లల మీదో కూర్చుని తింటుంటారు. అక్కడ ధర మరీ మోయలేనంతగా ఉండదు.

ఇక అసలు చోటు. పాత ఊరి గోడలకి ఉత్తరాన థానిన్ మార్కెట్ ఉంది. కూరగాయలు, చేపలు, పూలు, పళ్లు, వాటి పక్కనే వండిన కూరల వరస, కప్పు కింద బల్లలు వేసిన తినేచోటు. పర్యాటకులు తక్కువ, నేల తడి లేకుండా శుభ్రంగా ఉంటుంది. మా మధ్యాహ్నాలు ఎక్కువగా ఇక్కడే గడిచాయి.

కూరలు, అన్నం అమ్మే కొట్లని అక్కడ ఖావ్ కేంగ్ అంటారు. చూడగానే నాకు హైదరాబాద్ కర్రీ పాయింట్లు గుర్తొచ్చాయి, కాకపోతే వీటి ముందు కూర్చుని తినడానికి బల్లలు కూడా ఉంటాయి. స్టీలు ట్రేల్లో ఇరవైకి తక్కువ కాకుండా కూరలు, వేపుళ్లు, పులుసులు పరిచి ఉంటాయి. ప్లేట్లో అన్నం పెట్టించుకుని, ఏది కావాలో వేలితో చూపిస్తే గరిటెతో అన్నం మీదే వేస్తారు. ఒక కూరకి 35, 40, రెండిటికి 45, 50. పైన వేయించిన గుడ్డు పెట్టించుకుంటే ఇంకో 10. పేర్లు తెలియక్కర్లేదు, చదవడం రానక్కర్లేదు. "సోంగ్ యాంగ్" అంటే రెండు రకాలు అని. ఆ మాట, చూపుడువేలు ఉంటే భోజనం అయిపోతుంది. గరిటె పట్టుకున్నది మనకంటే బాగా పెద్దావిడ అయితే "పా" అనీ, కాస్త పెద్దవాళ్లయితే "ఫీ" అనీ పిలిస్తే ముఖం విప్పారుతుంది. పా అంటే పెద్దమ్మ వరస, ఫీ అంటే అక్క, అన్న ఏదైనా. మాట చివర్లో మర్యాదకి మగవాళ్లు "ఖ్రాప్", ఆడవాళ్లు "ఖా" చేర్చాలి.

ఇక్కడ వేళ చాలా ముఖ్యం. ట్రేలు పదింటికల్లా నిండుతాయి. పదిన్నర, పదకొండు మధ్య వెళ్తే అన్నీ ఉంటాయి, కొబ్బరిపాల కూరల మీద నూనె తేటగా తేలుతూ ఉంటుంది. పన్నెండుకి మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు బిలబిలమంటూ వచ్చేస్తారు. ఒంటిగంటన్నరకి బాగున్న ట్రేలన్నీ ఖాళీ. రెండు దాటాక మిగిలేవి ఎవరూ అడగనివి, పొద్దుటి నుంచి అలా ఉన్నవి. ఈ కూరలు పొగలు కక్కుతూ ఉండవు, గోరువెచ్చగానే పెడతారు. అది అక్కడి పద్ధతి. అందుకే తొందరగా వెళ్లడం రుచికీ మంచిదే, కడుపుకీ మంచిదే. ఇంట్లో ఒంటిగంటకి తినే అలవాటుని మేం పదకొండుకే మార్చేశాం, దాంతో పొద్దుటి టిఫిన్ కూడా చిన్నదైపోయింది.

నేను ఎక్కువగా తిన్నవి రెండు. ఒకటి కోడి కేంగ్ ఖియావ్ వాన్. పచ్చిమిర్చి ముద్దతో, కొబ్బరిపాలతో చేసే ఆకుపచ్చ కూర. అందులో గుండ్రటి చిన్న వంకాయలతో పాటు ఉస్తికాయలు గుత్తులుగా వేస్తారు, పంటి కింద చిట్లి చేదు తగులుతుంది. రెండోది ప్లా థూ. కానగుర్త జాతి చేప, కొంచెం పొట్టిది. వెదురుబుట్టలో పట్టడానికి మెడ విరిచి వంచి, ఉడికించి అమ్ముతారు. బుట్టకి రెండో మూడో ఉంటాయి. దాన్ని నూనెలో వేయించి, రొయ్యల ముద్ద, మిర్చి, నిమ్మరసం కలిపి దంచిన నాం ఫ్రిక్ కపితో, ఉడికించిన కూరగాయలతో తింటారు. నాలుగు బాట్లు ఎక్కువైనా ఇది దొరికిన రోజు నేను వేరేదాని వైపు చూడలేదు. పెద్ద పెద్ద రెస్టారెంట్లలో పర్యాటకులకి పెట్టే థాయ్ భోజనంలో ఈ చేప అంతగా కనపడదు. ఎందుకో మరి. ముళ్లు ఎక్కువనా?

ఇక పంది సంగతి. ట్రేల్లో సగానికి సగం పందే. బీన్స్ వేపుడులో కైమాగా, గుడ్ల పులుసులో ముక్కలుగా, టోఫూ చారులో ఉండలుగా ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ఉత్తరాది థాయ్ వంటలో ఇది మరీ ఎక్కువ. ఊరి పేరు చెప్పగానే అందరూ తల్చుకునే సాయ్ ఊవా సాసేజి, కేంగ్ హంగ్ లే కూర రెండూ పందివే. ఖానోమ్ చీన్ నామ్ ఙియావ్ అనే ఎర్రటి టమాటా పులుసు సేమ్యాలో గడ్డకట్టిన రక్తం ముక్కలు కూడా వేస్తారు. అందుకని ప్రతి ట్రే ముందూ "మూ?" అని అడగటం అలవాటు చేసుకున్నాను. మూ అంటే పంది, నువా అంటే గొడ్డు మాంసం, కాయ్ కోడి, ప్లా చేప, కుంగ్ రొయ్య. అడిగితే ఎవరూ విసుక్కోలేదు. ఒకావిడైతే నన్ను చూడగానే పంది లేని ట్రేల అంచుల మీద గరిటెతో టకటకా కొట్టి చూపించేసేది. నూడుల్స్ కొట్లలో మాత్రం ఈ ప్రశ్న సరిపోదు. ముక్కలు కోడివే అయినా చారు పంది ఎముకలు మరిగించింది అయ్యుంటుంది. పట్టింపు ఉన్నవాళ్లు ఈ విషయం గుర్తుంచుకోవాలి. నేను నూడుల్స్ ముస్లిం కొట్లలోనే తిన్నాను.

మా ఆవిడకి దారి వేరే. థాయ్ కూరల్లో చూడటానికి ఒట్టి కూరగాయలే అయినా ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది, ఉప్పు బదులు చేప సాస్ పడుతుంది, వేపుడులో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల సాస్. కాబట్టి ఖావ్ కేంగ్ ట్రేలు ఆవిడకి దాదాపు మూసేసినట్టే. తెరిచి ఉన్నది జే కొట్టు. పసుపుపచ్చ జెండా, దాని మీద ఎర్రటి థాయ్ అక్షరాలు, చూడటానికి 17 అంకెలాగే ఉంటాయి. అది కనిపిస్తే కళ్లు మూసుకుని లోపలికి వెళ్లొచ్చు. చైనా బౌద్ధుల నుంచి వచ్చిన ఆచారం ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఏటా సాధారణంగా అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల జే పండగ వస్తుంది. అప్పుడు ఊరంతా ఈ జెండాలే. మిగతా రోజుల్లో కూడా పెద్ద మార్కెట్ల చుట్టుపక్కల వెతికితే ఒకటైనా దొరుకుతుంది. మా గదికి నడిచివెళ్లేంత దూరంలో ఉన్న జే కొట్టులో రెండు కూరలు, ముడిబియ్యం అన్నం 40 బాట్లు. మాంసాహారం కంటే తక్కువే.

మొదట్లో ఆవిడ అక్కడ కూడా బెదిరింది. ట్రేల్లో వేయించిన బాతు ముక్కలు, తోలుతో సహా, ఎదురుగా కనపడుతున్నాయి. కొట్టావిడ నవ్వి ఒక ముక్కని గరిటె అంచుతో చీల్చి లోపలి పొరలు చూపించింది. గోధుమ జిగురుతో, సోయాతో చేసిన నకిలీ బాతు అది. "అసలు మానేసినవాళ్లకి ఈ బొమ్మ ఎందుకండీ?" అంది మా ఆవిడ. నాకూ ఆ గొడవ అర్థం కాదు. ఆవిడ దాన్ని పక్కన పెట్టి గుమ్మడికాయ వేపుడు, టోఫూ, పుట్టగొడుగుల పులుసు మీద బతికేసింది. వాటితో ఏ లోటూ రాలేదు.

సాయంత్రాలు జే కొట్లు చాలావరకు మూసేస్తారు. అప్పుడు పనికొచ్చేది ఆహాన్ తామ్ సాంగ్, అంటే అడిగినది అడిగినట్టు అప్పటికప్పుడు వండిపెట్టే కొట్టు. ఒక గ్యాస్ పొయ్యి, ఒక మూకుడు, ముందు అద్దాల బీరువాలో కూరగాయలు, గుడ్లు, మాంసం. ఇలాంటి చోట ఏది వేయాలో, ఏది వద్దో మనం చెప్పొచ్చు. "మై సై నాం ప్లా, మై సై నాం మాన్ హోయ్" అంటే చేప సాస్ వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు అని. మా ఆవిడ ఈ రెండు ముక్కలూ థాయ్‌లో రాయించుకుని ఫోన్లో పెట్టుకుంది. వంటాయన చదివి, తల ఊపి, సోయా సాస్ సీసా ఎత్తి చూపించేవాడు. ఇద్దరికీ ఒప్పందం కుదిరినట్టు.

అక్కడ అందరూ అడిగేది ఫాత్ కప్రావ్. దగ్గర నిలబడి చూశాను. వెల్లుల్లి, మిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పొగ వచ్చేదాకా కాగిన నూనెలో వేస్తాడు. ఆ ఘాటుకి వీధిలో పోయేవాళ్లు కూడా తుమ్ముతారు. వెంటనే కోడి కైమా, పొడుగు చిక్కుళ్లు, సాసులు, చిటికెడు పంచదార. చివర్లో పిడికెడు ఆకులు వేసి రెండు సార్లు తిప్పి మంట ఆపేస్తాడు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. దాని మీదకి వేయించిన గుడ్డు, అంచులు కరకరలాడేలా, సొన మాత్రం జారేలా. ఆ ఆకులు మరేమిటో కాదు, తులసి. మన పెరట్లో కోటలో ఉండే తులసే. టోఫూ కప్రావ్ ప్లేటు ముందు పెట్టగానే ఆ వాసన పట్టేసి, "తులసమ్మని వేయించుకుని తింటామా అండీ?" అని మా ఆవిడ చెంచా కింద పెట్టేసింది. తర్వాతి నుంచి బై కప్రావ్ మానేసి వెల్లుల్లి, మిరియాల వేపుడు చెప్పుకుంది. నేను మాత్రం పాపభయం లేకుండా వారానికి రెండు మూడు సార్లయినా తిన్నాను. 50 బాట్లు, గుడ్డుతో 60. ఈ డబ్బుకి అప్పటికప్పుడు, మన కళ్లముందు, మన షరతుల మీద వండిపెట్టే భోజనం ఇంకెక్కడ దొరుకుతుంది?

కారం గురించి ఒక మాట. మనకేం లెక్క అనుకుంటాం. ఫాత్ కప్రావ్ కారం మనకి లెక్క కాదు నిజమే. సోమ్ తామ్ దగ్గర కాస్త ఆగాలి. పచ్చి బొప్పాయి కోరుని రోట్లో వేసి, టమాటా, చిక్కుళ్లు, నిమ్మ, బెల్లం, ఎండు రొయ్యలు, వేరుశనగలతో దంచుతారు. మిరపకాయలు ఎన్ని అని అడుగుతారు. ఆ చిన్న పచ్చిమిరపకాయ ఉడికేది కాదు, పచ్చిదే. రెండు చాలు. పక్కన చిన్న పొట్లంలో జిగురన్నం 10 బాట్లు, నిప్పుల మీద కాల్చిన కోడి ఉంటే అదొక పూట భోజనం. ఎండు రొయ్యలు, చేప సాస్ లేకుండా దంచమంటే మా ఆవిడకీ దంచిపెట్టారు, కాకపోతే రోలు కడిగి చేయమని అడగటానికి మొహమాటపడింది. రోలు పట్టింపు ఉన్నవాళ్లు సోమ్ తామ్ వదిలేయడమే మంచిది.

ముస్లిం కొట్లన్నాను కదా. నైట్ బజార్ వెనక బాన్ హో మసీదు ఉంది. యున్నాన్ నుంచి గుర్రాల మీద సరుకులు తెచ్చిన చైనా ముస్లిం వర్తకుల వంశాలవాళ్లు ఆ చుట్టూ స్థిరపడ్డారు. ఆ వీధిలో పంది భయం లేదు. అక్కడే ఖావ్ సోయ్ తినాలి. కొబ్బరిపాల మసాలా పులుసులో గుడ్డు నూడుల్స్, ఒక కోడి కాలు, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్. పక్కన చిన్న ప్లేట్లో ఊరబెట్టిన ఆవాకు, చిన్న ఉల్లిపాయలు, నిమ్మచెక్క. అన్నీ వేసుకున్నాకే దానికి రుచి పూర్తవుతుంది. పసుపు, ధనియాలు తగిలేసరికి కాసేపు ఇల్లు గుర్తొస్తుంది. 50, 60 బాట్లు. ఇక్కడ గొడ్డు మాంసం ఖావ్ సోయ్ కూడా ఉంటుంది, కాబట్టి "ఖావ్ సోయ్ కాయ్" అని స్పష్టంగా చెప్పాలి.

శుక్రవారం పొద్దున ఆ మసీదు ఎదురుగా సంత జరుగుతుంది. కొండల మీదినుంచి, బర్మా వైపు నుంచి వచ్చినవాళ్లు ఆకుకూరలు, అవకాడోలు, ఊరగాయలు, టీ ఆకులు తెస్తారు. మా ఆవిడకి ఊరంతట్లో నచ్చిన సంత ఇదే. కారణం బర్మా వైపు షాన్ జాతివాళ్లు చేసే షాన్ తోహూ. పేరు టోఫూ అనే గానీ సోయా కాదు, శనగపిండి. పిండిని నీళ్లలో జావకాచి, వేడివేడిగా బియ్యపు నూడుల్స్ మీద పోసి, పైన వేరుశనగ పొడి, నువ్వులు, మిరప నూనె వేస్తారు. గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయించి కూడా అమ్ముతారు. సాసులేమీ వేయొద్దని చెప్పి తీసుకుంటే ఏ బెంగా లేని శాకాహారం. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లాలి, మధ్యాహ్నానికి అన్నీ సర్దేస్తారు.

పొద్దుటి టిఫిన్ లెక్క చిన్నది. చియాంగ్ మాయ్ గేట్ దగ్గరి మార్కెట్లో వేడి సోయా పాలు 10, 15 బాట్లు, దానిలో ముంచుకోవడానికి పాతోంగ్‌కో అనే నూనెలో పొంగిన మైదా ముక్కలు ఇంకో 10, 20. గుంతల పెనం మీద బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేసే ఖానోమ్ క్రోక్ 20, 25. పైన ఉల్లికాడలో, మొక్కజొన్న గింజలో చల్లుతారు. ఈ రెండూ మాకు రోజూ అలవాటైపోయాయి.

రాత్రి భోజనం మాత్రం చాలాసార్లు గదిలోనే. కూరలు 30, 40 బాట్లకి ప్లాస్టిక్ సంచుల్లో కట్టిస్తారు, అన్నం 10. ఆ కట్టే విద్య చూసి తీరాలి. సంచిలో గరిటెడు కూర పోసి, మూతి పట్టుకుని కొట్టావిడ ఒక్క విసురు విసురుతుంది, సంచి గాలితో బిగిసిపోతుంది. రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పి చివర లాగుతుంది. చుక్క కారదు. విప్పడం తెలిసినవాళ్లకి ఒక్క లాగుతో వచ్చేస్తుంది, నాకు కత్తెర కావాల్సి వచ్చేది. రోజుకి అన్నేసి సంచులు పోగవుతుంటే చూడలేక మా ఆవిడ స్టీలు డబ్బాలు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. థానిన్‌లో కూరలావిడ డబ్బాని తట్టి చూసి, పక్క కొట్టావిడకి చూపించి, ఏదో అని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత మాకు పడే గరిటె కాస్త నిండుగానే పడింది. డబ్బాలో సంచికంటే చోటు ఎక్కువ మరి.

నీళ్లకి డబ్బు తగలేయక్కర్లేదు. వీధుల్లో నీళ్ల మిషన్లుంటాయి, ఒక బాట్ నాణెం వేస్తే దాదాపు లీటరు వస్తుంది, సీసా మనదే. కొట్లలో చాలాచోట్ల బల్ల మీద కూజా పెడతారు, ఐస్ గ్లాసుకి రెండు మూడు బాట్లు తీసుకునే చోట్లూ ఉన్నాయి. మధ్యలో బెజ్జం ఉన్న గొట్టం ముక్కల్లాంటి ఐస్ ఫ్యాక్టరీది, దానికి భయపడక్కర్లేదు. పళ్లు కోసి సంచిలో పెట్టి 20 బాట్లకి ఇస్తారు, జామ, పచ్చి మామిడి, అనాస. వాటితో పాటు ఉప్పు, కారం, పంచదార కలిపిన చిన్న పొట్లం. మధ్యాహ్నం నాలుగింటికి అదే మా చిరుతిండి.

చేతిలో చిల్లర ఉంచుకోవడం ముఖ్యం. అక్కడివాళ్లంతా ఫోన్‌తో ప్రాంప్ట్‌పే (మన యూపీఐ లాంటిది) కోడ్ స్కాన్ చేసేస్తారు, కానీ మేం వెళ్లినప్పుడు దానికి థాయ్ బ్యాంకు ఖాతా కావాల్సి వచ్చింది, మాకు నోట్లే దిక్కయ్యాయి. 40 బాట్ల అన్నానికి 1000 నోటు ఇస్తే పాపం ఆ కొట్టావిడ పక్క కొట్ల చుట్టూ తిరగాలి. అలాంటి నోట్లని సెవెన్ ఎలెవెన్ దుకాణంలో ఏదైనా కొని మార్చేవాళ్లం. మేం ఉన్నప్పుడు మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 220 బాట్ల దాకా రుసుము పడేది, అంటే మా సగం రోజు తిండి. అందుకని తీసినప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం మేలు. ఈ పద్ధతులన్నీ కుదిరాక మా ఖర్చు సగటున 300 దరిదాపుల్లో ఆగింది. మిగిలిన 100 కాఫీకి పోయింది. చియాంగ్ మాయ్ చుట్టుపక్కల కొండల్లో కాఫీ పండుతుంది, అక్కడికెళ్లి కాఫీ దగ్గర పిసినారితనం చేయడం నాకు నచ్చలేదు.

తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్‌లో ఆగాం. అక్కడ సూత్రం కాస్త మారుతుంది. సుఖుమ్‌విత్ ప్రాంతంలో వీధి బళ్ల కంటే మాల్ పైన ఉండే ఫుడ్ కోర్టు చవక. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. అసోక్ దగ్గర టెర్మినల్ 21లో పియర్ 21 అనే ఫుడ్ కోర్టు ఉంది. కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకుని కొట్టు కొట్టుకీ గీకించుకోవాలి, మిగిలింది వెళ్లేటప్పుడు తిరిగిచ్చేస్తారు. 40, 50 బాట్ల ప్లేట్లు, ఏసీ, కూర్చోవడానికి చోటు. మాల్‌కి జనాన్ని రప్పించడానికి ఫుడ్ కోర్టు ధరలు తక్కువగా ఉంచుతారని అంటారు. నది అవతల సిరిరాజ్ ఆసుపత్రి పక్కనుండే వాంగ్ లాంగ్ మార్కెట్ కూడా మాకు నచ్చింది. రేవు దాటే పడవకి నాలుగైదు బాట్లు. నర్సులు, వైద్య విద్యార్థులు తినే చోటు కాబట్టి వేళకి తాజాగా ఉంటుంది, ధరలు అందుబాటులో ఉంటాయి. చతుచక్ ఎదుటి ఓ తో కో మార్కెట్‌కి మాత్రం కళ్లతో చూడటానికే వెళ్లాలి. పళ్లు నిగనిగలాడుతుంటాయి, ధరలూ అలాగే ఉంటాయి. అక్కడి దురియన్ ధర విని మా ఆవిడ చేతిలో పట్టుకున్న మామిడిపండుని కూడా మెల్లగా కింద పెట్టేసింది.

సువర్ణభూమి విమానాశ్రయంలో పై అంతస్తుల ధరలు మామూలు విమానాశ్రయం ధరలే. ఒకటో అంతస్తులో, ఎనిమిదో గేటు వైపున, మ్యాజిక్ ఫుడ్ పాయింట్ అనే క్యాంటీన్ ఉంది. టాక్సీ డ్రైవర్లు, యూనిఫాంలలో ఉన్న ఉద్యోగులు తింటుంటారు. సెక్యూరిటీ తనిఖీకి ముందే వెళ్లాలి, లోపలికి వెళ్లాక కిందికి రావడం కుదరదు. నేను కోడి అన్నం, మా ఆవిడ కూరగాయల వేపుడు, అన్నం తీసుకున్నాం. చేప సాస్ వద్దన్న ఆ రెండు థాయ్ ముక్కలూ ఫోన్లో చూపించడం ఇక్కడా తప్పలేదు.